పిల్లల్లో మలేరియా టీకా యాంటీబాడీలు ఎన్నాళ్లుంటాయి? దాన్నిబట్టి ఏ టీకా, ఏ షెడ్యూలు ఎంచుకోవాలి?

మలేరియా టీకా గురించి అడిగేవాళ్లు చాలామంది ముందు అడిగేది "వాడుకలో ఉన్న రెండు టీకాల్లో ఏది మంచిది?" అని. నన్నడిగితే అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. మీరున్న చోట మలేరియా ఏ నెలల్లో విజృంభిస్తుంది, ఆ నెలల్లో మీ పిల్లాడి రక్తంలో యాంటీబాడీలు ఏ స్థాయిలో ఉంటాయి? ఈ టీకాలతో వచ్చే యాంటీబాడీలు ఏళ్ల తరబడి ఒకే మట్టంలో ఉండవు. మొదటి కొన్ని నెలలు బాగా ఎక్కువగా ఉండి, తర్వాత చకచకా తగ్గి, ఆపైన నెమ్మదిగా తగ్గుతాయి. ఈ తగ్గుదల అర్థమైతే టీకా పేరు కన్నా డోసు పడే తేదీయే ఎక్కువ తేడా తెస్తుందని తెలుస్తుంది.

ఇది ఆఫ్రికాలో మలేరియా ఎక్కువగా ఉన్న దేశాల పిల్లల సంగతి. ఉద్యోగాల మీద అక్కడికెళ్లి కుటుంబంతో స్థిరపడ్డవాళ్లకూ, ఆరోగ్య రంగంలో పనిచేసేవాళ్లకూ, చదువుకునేవాళ్లకూ పనికొస్తుందని రాస్తున్నాను. 2023లో ప్రపంచవ్యాప్తంగా మలేరియాతో దాదాపు 5,97,000 మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో 95 శాతం ఆఫ్రికా ప్రాంతంలోనే. ఆ ప్రాంతంలో చనిపోయినవాళ్లలో నలుగురిలో ముగ్గురు ఐదేళ్లలోపు పిల్లలే. యాంటీబాడీలు ఎన్ని నెలలు నిలుస్తాయన్న లెక్క వెనుక ఉన్నది ఈ పిల్లల ప్రాణాలు.

ఇప్పుడు వాడుకలో ఉన్న టీకాలు రెండు. ఒకటి జీఎస్‌కే తయారుచేసిన ఆర్‌టీఎస్,ఎస్. దీని మార్కెట్ పేరు మోస్క్విరిక్స్. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని 2021 అక్టోబర్ 6న సిఫారసు చేసింది. రెండోది ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం రూపొందించగా సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేస్తున్న ఆర్21. దీనికి సిఫారసు 2023 అక్టోబర్ 2న వచ్చింది. రెండూ ఫాల్సిపారమ్ రకం మలేరియా మీదే పనిచేస్తాయి, వైవాక్స్ మీద పనిచేయవు.

యాంటీబాడీలు తగ్గితే ఎందుకంత కంగారు?

హెపటైటిస్ బి టీకా వేయించుకున్నవాళ్లలో కొన్నేళ్లకు యాంటీబాడీలు బాగా తగ్గిపోయినా డాక్టర్లు కంగారుపడరు. ఆ వైరస్ ఒంట్లోకి వచ్చాక జబ్బుగా మారడానికి వారాలు పడుతుంది. టీకాను గుర్తుపెట్టుకున్న మెమరీ కణాలు ఈలోగా నిద్రలేచి, కొత్తగా యాంటీబాడీలు తయారుచేసుకునే వ్యవధి ఉంటుంది.

మలేరియాలో ఆ వ్యవధి దొరకదు. దోమ కుట్టినప్పుడు చర్మంలోకి దిగేవి స్పోరోజోయిట్లు, అంటే తొలి రూపంలో ఉన్న మలేరియా పరాన్నజీవులు. మహా అయితే పదుల సంఖ్యలో ఉంటాయి. నిమిషాల నుంచి కొద్ది గంటల్లోపే అవి రక్తంలో కలిసి కాలేయం చేరి, కణాల లోపల దాక్కుంటాయి. వీటి ఒంటి మీద పొరలా కప్పుకుని ఉండే సీఎస్‌పీ అనే ప్రొటీన్‌నే రెండు టీకాలూ లక్ష్యంగా పెట్టుకున్నాయి. కాలేయ కణంలోకి దూరాక ఆ ప్రొటీన్ మీది యాంటీబాడీలకు ఇక వాటిని అందుకునే దారి లేదు. పైగా తప్పించుకున్నది ఒక్కటైనా చాలు. వారం తిరిగేసరికి ఆ ఒక్క కణం నుంచే వేలకు వేల పరాన్నజీవులు రక్తంలోకి విడుదలై ఎర్రరక్త కణాల మీద పడతాయి.

కాబట్టి దోమ కుట్టే క్షణానికే రక్తంలో యాంటీబాడీలు సిద్ధంగా ఉండాలి, అదీ చాలా ఎక్కువ మోతాదులో ఉండాలి. మెమరీ కణాల మీద భరోసా పెట్టుకునే వీల్లేదు. మలేరియా టీకాలో "ఎన్నాళ్లుంటాయి" అన్న ప్రశ్నకు ఇంత విలువ రావడానికి కారణం ఇదే.

తగ్గుదల ఎలా ఉంటుంది?

మోస్క్విరిక్స్ మూడో దశ పరీక్షలు 2009 నుంచి 2014 వరకు ఏడు ఆఫ్రికా దేశాల్లో, 11 కేంద్రాల్లో, పదిహేను వేలకు పైగా పిల్లల మీద జరిగాయి. ఆ పిల్లల రక్తనమూనాలతో యాంటీబాడీల రాకపోకలను లెక్కగట్టిన విశ్లేషణ 2015లో వచ్చింది. నాకు తెలిసినంతలో ఈ విషయం మీద ఇంత స్పష్టంగా చెప్పిన లెక్క ఇంకోటి లేదు. అందుకే దీని దగ్గర కాసేపు ఆగుతాను.

5 నుంచి 17 నెలల వయసులో మూడు డోసులు వేసుకున్న పిల్లల్లో, మూడో డోసు తర్వాత యాంటీబాడీల సగటు మట్టం మిల్లీలీటరుకు 621 యూనిట్లు. ఇందులో రెండు వాటాలున్నాయి. పెద్ద వాటా, అంటే సుమారు 88 శాతం, స్వల్పాయుష్షుది. ప్రతి 45 రోజులకూ సగమైపోతుంది. మిగతా 12 శాతం మాత్రం సగానికి పడిపోవడానికి 591 రోజులు, అంటే ఏడాదిన్నర పైనే తీసుకుంటుంది. మొదటి వాటాను తయారుచేసేవి టీకా పడ్డ కొత్తలో పుట్టుకొచ్చి త్వరలోనే చనిపోయే ప్లాస్మా కణాలు. రెండో వాటాను ఎముక మూలుగలో స్థిరపడి ఏళ్ల తరబడి పనిచేసే ప్లాస్మా కణాలు తయారుచేస్తాయి.

అదే విశ్లేషణ ఇంకో అంకె కూడా ఇచ్చింది. యాంటీబాడీలు 121 యూనిట్ల దగ్గర ఉన్నప్పుడు ఇన్‌ఫెక్షన్లలో సగం ఆగుతాయని అంచనా. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి లెక్కవేస్తే అసలు కథ తెలుస్తుంది. 621తో మొదలైన పిల్లాడి మట్టం సుమారు ఐదు నెలలకు 121కి దిగుతుంది. ఆరు నెలలకు 95 దగ్గర, ఏడాదికి 50 దగ్గర ఉంటుంది. ఏడాది దాటాక తగ్గుదల బాగా మందగిస్తుంది, కానీ అప్పటికే మట్టం చాలా కిందికి వచ్చేసి ఉంటుంది.

ఇవి సగటు అంకెలతో వేసిన లెక్కలు. ఒక్కో పిల్లాడిలో మట్టం దీనికి చాలా పైన ఉండొచ్చు, చాలా కిందా ఉండొచ్చు. 121 కూడా గీత గీసినట్టుండే హద్దేమీ కాదు. దానికి పైన ఎంత ఉంటే అంత ఎక్కువ రక్షణ, కింద ఉన్నా కొంత రక్షణ ఉంటుంది. అయినా ఎంపికలన్నిటికీ ఆధారం ఒకటి దొరికింది: గట్టి రక్షణ ఉండేది మొదటి ఐదారు నెలలే.

నాలుగో డోసు: అందరూ తేలిగ్గా తీసుకునేది, నేను పట్టుబట్టేది

మొదటి మూడు డోసులకూ పిల్లల్ని శ్రద్ధగా తీసుకొచ్చిన తల్లులు కూడా నాలుగో డోసు నాటికి రావడం తగ్గిపోతుంది. పిల్లాడు నడక నేర్చేశాడు, మిగతా టీకాలు అయిపోయాయి, ఆరోగ్య కేంద్రానికి మళ్లీ వెళ్లే సందర్భమే రాదు. ఘానా, కెన్యా, మలావీల్లో 2019లో మొదలైన ప్రయోగాత్మక కార్యక్రమంలోనూ ఇదే కనిపించింది.

ఈ డోసు ఎందుకు ముఖ్యమో ఆ 2015 లెక్కల్లోనే ఉంది. నాలుగో డోసు తర్వాత యాంటీబాడీలు మళ్లీ లేస్తాయి, కానీ మొదటి శిఖరం దాకా కాదు. మొదటిసారి ఎక్కిన 621తో పోలిస్తే తక్కువే కదా, బూస్టర్ అంత బాగా పనిచేయలేదని అనుకునే ప్రమాదం ఉంది. కానీ ఈసారి దీర్ఘాయుష్షు వాటా 12 నుంచి 30 శాతానికి పెరుగుతుంది. దాంతో తగ్గుదల మందగిస్తుంది. అంటే నాలుగో డోసు తక్కువ ఎత్తు ఎక్కి, నెమ్మదిగా దిగుతుంది.

జబ్బు లెక్కల్లో ఈ తేడా ఇంకా గట్టిగా కనిపించింది. 5–17 నెలల వయసులో మొదలుపెట్టి, సుమారు నాలుగేళ్లు గమనించిన పిల్లల్లో మలేరియా కేసులు నాలుగు డోసులతో 36 శాతం, మూడింటితో ఆపేస్తే 28 శాతం తగ్గాయి. ప్రాణాంతకమైన తీవ్ర మలేరియా విషయానికొస్తే నాలుగు డోసులతో 32 శాతం తగ్గుదల కనిపించింది. మూడింటితో ఆపేసినవాళ్లలో అది 1 శాతం. మొదట్లో దొరికిన మేలు తర్వాతి ఏళ్లలో చెల్లుకు చెల్లయిపోయిందన్నమాట.

దీనికి కారణం ఉంది. మలేరియా ఉన్నచోట పెరిగే పిల్లలకు జ్వరాలు వచ్చి పోతూ సహజంగా కొంత నిరోధకత పేరుకుంటుంది. టీకా రక్షణలో ఉన్నన్నాళ్లూ ఆ సహజ నిరోధకత ఏర్పడటం ఆలస్యమవుతుంది. రక్షణ తగ్గాక, తోటి పిల్లలు ఇదివరకే పడ్డ జ్వరాలు వీళ్లు ఆలస్యంగా పడతారు. కెన్యాలోని కిలిఫీ దగ్గర మూడు డోసులు మాత్రమే తీసుకున్న పిల్లల్ని ఏడేళ్లు గమనించిన అధ్యయనం 2016లో వెలువడింది. ఏడేళ్ల మొత్తానికి కేసుల తగ్గుదల 4 శాతానికి అటూ ఇటూగానే తేలింది. దోమకాట్లు ఎక్కువగా ఉన్న ఇళ్ల పిల్లల్లో ఐదో ఏట టీకా వేసుకున్నవాళ్లకే ఎక్కువ కేసులొచ్చాయి.

ఇది చదివి టీకా దండగ అనుకోకండి. ఘానా, కెన్యా, మలావీ కార్యక్రమంలో 46 నెలల్లో, టీకా అందే వయసు పిల్లల్లో ప్రమాదాలు మినహా అన్ని కారణాల వల్లా వచ్చే మరణాలు 13 శాతం తగ్గాయి. అర్హులైన పిల్లలందరికీ టీకా అందకముందే కనిపించిన తగ్గుదల ఇది. పసివయసులో, ప్రాణాపాయం ఎక్కువగా ఉన్న నెలల్ని దాటించడమే ఈ టీకా చేసే పెద్ద మేలు. ఆ మేలు నిలవాలంటే నాలుగో డోసు వదలకూడదు.

నాలుగో డోసును మూడోదాని తర్వాత 6 నుంచి 18 నెలల మధ్య వేయించుకోవచ్చు. ఎంచుకునే అవకాశం మీకుంటే ఆలస్యం చేయకుండా ఏడాదిలోపు, వీలైతే వానాకాలానికి కాస్త ముందు వేయించమంటాను. పైన చూశారుగా, ఐదారు నెలలకే మట్టం సగం రక్షణ దగ్గరికి దిగిపోతుంది. ఏడాదిన్నర ఆగితే ఆ మధ్యలో ఏడాది పాటు పిల్లాడు పలచబడ్డ రక్షణతో గడపాలి.

మోస్క్విరిక్సా, ఆర్21నా?

ఆర్21 గురించి 77 శాతం అన్న వార్త 2021లో బాగా తిరిగింది. మోస్క్విరిక్స్ మొదటి ఏడాది కేసుల్ని సుమారు సగానికి తగ్గించిందన్న లెక్క అప్పటికే ఉంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఆర్21 గెలిచిందని తీర్పు చెప్పినవాళ్లు ఎక్కువ. నేనా తీర్పుతో ఏకీభవించను.

ఆ 77 శాతం బుర్కినా ఫాసోలోని నానోరోలో 450 మంది పిల్లల మీద వచ్చింది. అక్కడ మలేరియా వానాకాలపు నాలుగైదు నెలల్లోనే ఎక్కువ. పిల్లలకు ఆ సీజన్ మొదలవడానికి ముందే డోసులు పూర్తిచేశారు. యాంటీబాడీలు శిఖరం మీదున్న నెలలూ దోమల నెలలూ ఒకటయ్యాయి. మోస్క్విరిక్స్ మూడో దశ పరీక్షలు జరిగిన కేంద్రాల్లో చాలాచోట్ల దోమలు ఏడాదంతా కుడుతూనే ఉంటాయి. పిల్లల వయసును బట్టి ఏ నెలలోనైనా డోసులు పడ్డాయి. రెండు పరీక్షలూ రెండు వేర్వేరు ప్రశ్నలకు సమాధానాలు.

తర్వాత ఆర్21 మూడో దశ పరీక్షల్ని నాలుగు దేశాల్లో, నాలుగువేల ఎనిమిది వందల పైచిలుకు పిల్లల మీద చేశారు. సీజన్‌కు ముందు వేసిన కేంద్రాల్లో మొదటి ఏడాది 75 శాతం, కెన్యాలోని కిలిఫీ, టాంజానియాలోని బగమోయో లాంటి వయసు ప్రకారం వేసిన కేంద్రాల్లో 68 శాతం కేసులు తగ్గాయి. ఇది మంచి ఫలితం. రెండు టీకాల్నీ ఒకే చోట, ఒకే సీజన్లో, ఒకే వయసు పిల్లల్లో పోల్చి తేల్చిన ఫలితం లేనంతవరకు ఫలానాదే మేలని చెప్పడం కుదరదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఒకటి ఇంకోదానికన్నా మెరుగని చెప్పే ఆధారం లేదనే అంటోంది.

యాంటీబాడీల అంకెల్ని పోల్చేటప్పుడు మరింత జాగ్రత్తగా ఉండాలి. రెండు టీకాల పరీక్షల్లోనూ యాంటీబాడీలను కొలిచిన ల్యాబులు వేరు, యూనిట్లు వేరు. మోస్క్విరిక్స్‌కు 621, ఆర్21కి ఇంకేదో వేలల్లో అంకె అని ఎవరైనా పట్టిక వేసి చూపిస్తే పట్టించుకోవద్దు.

తయారీలో ఉన్న తేడా మాత్రం ఆసక్తికరమైనదే. రెండింట్లోనూ సీఎస్‌పీ ముక్కను హెపటైటిస్ బి ఉపరితల ప్రొటీన్‌తో అతికించి కణికలుగా చేస్తారు. మోస్క్విరిక్స్‌లో ఆ అతికించిన ప్రొటీన్‌తో పాటు ఉత్త హెపటైటిస్ బి ప్రొటీన్ చాలా ఎక్కువ పాళ్లలో కలిసి ఉంటుంది. ఆర్21లో కణిక మొత్తం అతికించిన ప్రొటీనే. అందువల్ల మలేరియా ముక్కలు దట్టంగా బయటికి కనిపిస్తాయి. టీకాకు ఊతమిచ్చే అడ్జువెంట్లు కూడా వేరు. మోస్క్విరిక్స్‌లో ఏఎస్01, ఆర్21లో మ్యాట్రిక్స్-ఎమ్. కొలతల్లో కనిపించిన ఒక సంగతి ఆర్21కి సానుకూలంగానే ఉంది. నానోరో పిల్లలకు ఏడాది తర్వాత వేసిన నాలుగో డోసుతో యాంటీబాడీలు మొదటి శిఖరానికి దగ్గరగా మళ్లీ లేచాయి. ఆ తర్వాతి ఏడాదిలో కూడా 80 శాతం వరకు రక్షణ కనిపించింది. అయితే పై ఎత్తుకు చేరినంత మాత్రాన తగ్గడం ఆగదు. ఆర్21 యాంటీబాడీలు కూడా ఏడాదిలో బాగానే పడిపోతాయి.

వాడకంలో తేడా గురించి క్లుప్తంగా. మోస్క్విరిక్స్ పొడి ఒక సీసాలో, ద్రవం ఇంకో సీసాలో వస్తుంది. కలిపాక 6 గంటల్లో వాడేయాలి. ఆర్21 ద్రవంగానే వస్తుంది, కలిపే పని లేదు. రద్దీగా ఉండే ఆరోగ్య కేంద్రంలో నర్సుకు ఇది నిజంగా ఊరట. రెండింటినీ మామూలు టీకాల ఫ్రిజ్‌లోనే 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచుతారు.

తల్లిదండ్రులకు నా సలహా: మీ దేశంలో, మీ ఆరోగ్య కేంద్రంలో ఏది ఉంటే అది వేళకు వేయించండి. ఇంకోదాని కోసం ఒక్క సీజన్ ఎదురుచూసినా నష్టమే ఎక్కువ. నాలుగు డోసులూ ఒకే టీకాతో పూర్తిచేయడం మేలు. మధ్యలో అది దొరక్కపోయినా, ముందు ఏది వేశారో తెలియకపోయినా ఉన్నదాంతో పూర్తిచేయవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. డోసు ఆలస్యమైతే మొదటినుంచి మళ్లీ మొదలుపెట్టక్కర్లేదు, ఆగినచోటు నుంచి కొనసాగించాలి.

వయసు ప్రకారమా, సీజన్ ప్రకారమా?

బ్రాండు కన్నా ఇక్కడి ఎంపికే పెద్ద తేడా తెస్తుంది.

సాహెల్ ప్రాంతంలో, అంటే మాలి, బుర్కినా ఫాసో, నైజర్ లాంటి చోట్ల, మలేరియాలో అధిక భాగం సుమారు జులై నుంచి అక్టోబర్, నవంబర్ వరకే. ఆ ఐదు నెలలకూ, టీకా ఇచ్చే గట్టి రక్షణ ఐదారు నెలలకూ దాదాపు సరిపోయింది. గొడుగు వానాకాలంలో చేతికొస్తేనే ఉపయోగం, ఇక్కడ టీకా సంగతీ అంతే. మొదటి మూడు డోసుల్ని ఏప్రిల్ నుంచి జూన్ లోపు నెలకొకటి చొప్పున పూర్తిచేసి, ఆపైన ప్రతి ఏటా సీజన్‌కు ముందు ఒక్కో బూస్టర్ వేస్తే యాంటీబాడీల శిఖరం ఏటా దోమల నెలల మీదికే వస్తుంది.

ఈ పద్ధతిని బుర్కినా ఫాసోలోని ఊండే, మాలిలోని బుగూని ప్రాంతాల్లో దాదాపు 6,000 మంది పిల్లల్లో మోస్క్విరిక్స్‌తో పరీక్షించారు. ఫలితాలు 2021లో వచ్చాయి. నెలనెలా ఇచ్చే నివారణ మాత్రలతో పాటు సీజన్‌కు ముందు టీకా కూడా వేసినప్పుడు, మాత్రలు మాత్రమే ఇచ్చిన పిల్లలతో పోలిస్తే మలేరియా కేసులు 63 శాతం, ఆసుపత్రిలో చేర్చాల్సిన తీవ్ర మలేరియా 70 శాతం, మలేరియా మరణాలు 73 శాతం తగ్గాయి. మూడో దశ పరీక్షల్లో నాలుగేళ్లకు 36 శాతంగా తేలిన టీకానే ఇది. ఈసారి డోసులు సీజన్ చూసుకుని పడ్డాయి, మాత్రలూ తోడయ్యాయి.

పశ్చిమ కెన్యా, ఉగాండా, ఘానా దక్షిణ భాగం లాంటి చోట్ల దోమలు ఏడాది పొడవునా ఉంటాయి. అక్కడ సీజన్ కోసం ఆగడం అర్థం లేని పని. పిల్లాడికి ఐదు నెలలు నిండగానే మొదలుపెట్టి, కనీసం నాలుగు వారాల ఎడంతో మూడు డోసులు పూర్తిచేయాలి. అంతకుముందు నెలల్లో తల్లి నుంచి వచ్చిన రక్షణ కొంత ఉంటుంది, అది కరిగిపోయే సమయానికి టీకా అందుకోవాలి. ఘానాలో మొదటి మూడు డోసుల్ని 6, 7, 9 నెలలకు పెట్టారు. తొమ్మిదో నెల తట్టు టీకాతో కలిసి రావడంతో ఇంకోసారి ప్రత్యేకంగా రావాల్సిన పని తప్పుతుంది. ఇలాంటి సర్దుబాటు యాంటీబాడీల లెక్కలో చిన్న తేడా తెచ్చినా, డోసు తప్పిపోకుండా చూడటంలో చాలా పెద్ద తేడా తెస్తుంది.

రెండింటికీ మధ్యలో ఒక దారి ఉంది, నాకు అన్నింటికన్నా నచ్చింది అదే. మొదటి మూడు డోసుల్నీ వయసు ప్రకారం, ఏ నెల అయినా సరే వేసేయాలి. నాలుగో డోసును మాత్రం సీజన్‌కు ముందుకు జరపాలి. సీజన్ బలంగా ఉన్నచోట, లేదా నాలుగో డోసు తర్వాత కూడా ప్రమాదం ఎక్కువగానే ఉన్నచోట, ఏడాది తర్వాత ఐదో డోసు గురించి కూడా ఆలోచించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఆరు వారాలకే మొదలుపెడితే?

మిగతా టీకాలతో పాటే ఆరు వారాలకు మొదలుపెడితే తల్లికి తిరుగుడు తగ్గుతుంది, నిజమే. కానీ యాంటీబాడీలు అలా పెరగవు. 6–12 వారాల వయసులో మొదలుపెట్టిన పసికందుల్లో మూడు డోసుల తర్వాత సగటు, 5–17 నెలల పిల్లల్లో వచ్చిన దాంట్లో సగం కూడా లేదు. అదే వేగంతో తగ్గుతుందనుకుంటే 121కి ఇంకా చాలా ముందే దిగిపోతుంది. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు అడ్డుపడటం, పసికందు రోగనిరోధక వ్యవస్థ ఇంకా ముదరకపోవడం దీనికి చెప్పే కారణాలు. ఈ వయసులో మొదలుపెట్టిన పిల్లల్లో రక్షణ కూడా తక్కువగానే తేలింది. నాలుగు డోసులు వేసినా మొత్తం మీద కేసుల తగ్గుదల 26 శాతం దగ్గర ఆగింది. ఐదు నెలల దాకా ఆగమనడం ఇందుకే.

అలాగని ఎంత పెద్దవాడైతే అంత మంచిదని కాదు. ఆర్21 మూడో దశలో 18–36 నెలల పిల్లల కన్నా 5–17 నెలల పిల్లల్లోనే యాంటీబాడీలూ, రక్షణా ఎక్కువగా కనిపించాయి.

మూడో డోసును ఆలస్యంగా, ఐదో వంతు మోతాదులో వేసే ఆలోచన ఒకటి పెద్దవాళ్ల మీద జరిపిన ప్రయోగంలో ఆశ పుట్టించింది. ఘానా, కెన్యా పిల్లల్లో చేసి చూసినప్పుడు మామూలు పద్ధతికన్నా మెరుగని తేలలేదు. ఎవరైనా అలాంటి షెడ్యూలు చెబితే పట్టించుకోనక్కర్లేదు.

టీకానా, మాత్రలా, రెడీమేడ్ యాంటీబాడీలా?

సీజన్లో నెలనెలా ఇచ్చే నివారణ మాత్రల కోర్సును 2012 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తోంది. మొదటి రోజు సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్, అమోడియాక్విన్ మందుల్ని కలిపి, తర్వాతి రెండు రోజులు అమోడియాక్విన్ ఒక్కటే ఇస్తారు. రక్షణ సుమారు నాలుగు వారాలుంటుంది, తర్వాత దాదాపు పూర్తిగా పోతుంది. టీకా రక్షణ మెల్లగా జారుతుంది, మాత్రల రక్షణ నెలాఖరుకు తెగిపోతుంది. ఊండే, బుగూని ఫలితాలు చెప్పేది టీకా ఒక్కటే వేసినా మాత్రలకు తీసిపోలేదని, రెండూ కలిస్తే చాలా మెరుగని. సీజన్ ఉన్నచోట రెండూ అందుబాటులో ఉంటే ఒకటి మానేసి ఇంకోటి ఎంచుకోవద్దు.

ల్యాబులో తయారుచేసిన యాంటీబాడీనే నేరుగా ఎక్కించే పద్ధతి మూడోది. ఎల్9ఎల్ఎస్ అనే మోనోక్లోనల్ యాంటీబాడీని మాలిలో 6–10 ఏళ్ల పిల్లలకు ఒక్క ఇంజెక్షన్‌గా ఇచ్చారు. 2024లో వచ్చిన ఫలితాల ప్రకారం ఎక్కువ మోతాదు తీసుకున్నవాళ్లలో ఆరు నెలల సీజన్ మొత్తానికి మలేరియా కేసులు 77 శాతం తగ్గాయి. ఇక్కడ పిల్లాడి శరీరం ఏమీ తయారుచేయక్కర్లేదు, ఎంత ఎక్కించారన్నది తెలుసు, ఎప్పటికి అరుగుతుందన్నదీ దాదాపు తెలుసు. అయితే దీన్ని శరీరం నేర్చుకోదు, ప్రతి సీజన్‌కూ మళ్లీ ఇవ్వాల్సిందే. మామూలు ఆరోగ్య కేంద్రంలో తల్లిదండ్రులు అడిగి వేయించుకునే దశకు ఇది ఇంకా రాలేదు.

దోమతెర మాట వేరే చెప్పాలా? పైన చెప్పిన టీకా పరీక్షల్లో పిల్లలు తెరలు వాడుతూనే ఉన్నారు. ఆ శాతాలన్నీ తెర ఇచ్చే రక్షణ మీద అదనంగా వచ్చినవే. టీకా పడింది కదా అని తెర తీసేస్తే ఆ లెక్కలేవీ వర్తించవు. కొద్ది నెలలో, ఏడాదో పనిమీద వెళ్లే కుటుంబాలకైతే ఈ టీకాలు ఉద్దేశించినవి కావు. ప్రయాణికులకు విడిగా నివారణ మాత్రలున్నాయి, బయల్దేరే ముందే డాక్టరును అడగాలి.

యాంటీబాడీ టెస్ట్ చేయిస్తే తెలిసిపోతుందా?

ఈ ప్రశ్న చాలామందికి వస్తుంది. సీఎస్‌పీ యాంటీబాడీలను కొలిచే పరీక్షలు పరిశోధన ల్యాబుల్లో ఉంటాయి, మామూలు డయాగ్నస్టిక్ సెంటర్లో కాదు. ఎక్కడో చేయించినా, ఫలానా అంకె వస్తే పిల్లాడు క్షేమం అని చెప్పే హద్దు ఏదీ లేదు. 121 అనేది వేల మంది పిల్లల సగటు నుంచి తీసిన అంచనా, ఒక్క పిల్లాడి రిపోర్టు మీద పెట్టి చదివేది కాదు. ఆ డబ్బూ, ఆ టెన్షనూ రెండూ వృథా. దానికి బదులు టీకా కార్డు మీద మూడో డోసు తేదీ చూసి ఐదారు నెలలు లెక్కపెట్టుకోండి. రాబోయే వానలు ఆ లెక్క లోపల పడుతున్నాయా, బయట పడుతున్నాయా అన్నదాన్ని బట్టి నాలుగో డోసు తేదీ గురించి నర్సుతో మాట్లాడండి.

టీకా పడ్డ రోజో మర్నాడో కొందరు పిల్లలకు జ్వరం వస్తుంది. అరుదుగా జ్వరంతో ఫిట్స్ రావచ్చు, కాబట్టి ఆ వారం పిల్లాణ్ని కనిపెట్టుకుని ఉండాలి. మరో సందేహం కూడా వినబడుతుంది: టీకా వల్ల మలేరియా ర్యాపిడ్ టెస్టు తప్పుగా పాజిటివ్ చూపిస్తుందా అని. చూపించదు. ఫాల్సిపారమ్ కోసం ఎక్కువగా వాడే ర్యాపిడ్ టెస్టు వెతికేది హెచ్ఆర్‌పీ2 అనే వేరే ప్రొటీన్‌ను, టీకాలో ఉన్నది సీఎస్‌పీ. అందుకే నాలుగు డోసులూ పడ్డ పిల్లాడికైనా సరే, జ్వరం వస్తే అదే రోజు రక్తపరీక్ష చేయించాలి. పాజిటివ్ వస్తే అది నిజమైన మలేరియాయే, టీకా ప్రభావమేమోనని తాత్సారం చేయకుండా వెంటనే మందు మొదలుపెట్టించాలి.